రెండో కుర్చీలో మనిషి

మా నాటికలో రెండో పాత్రకి ఉన్నవి తొమ్మిది డైలాగులు. అందులో మూడు "సార్" అన్న ఒక్క మాటే. ఒక రిటైర్డ్ గుమాస్తా, బిల్లు ఎక్కువ వేస్తున్నారన్న అనుమానంతో, పదకొండేళ్ళుగా తన ఇంటి కరెంటు మీటరు రీడింగుని రోజుకి రెండుసార్లు నోటుపుస్తకంలో రాసుకుంటూ ఉంటాడు. నెలకోసారి బిల్లు కొట్టడానికి వచ్చే కుర్రాడు ఒకరోజు వాన వల్ల ఆయన వరండాలో ఇరుక్కుపోతాడు. అంతే కథ, నలభై నిమిషాలు. గుమాస్తా వేషానికి తగిన నటుణ్ణి పట్టుకోవడానికి మాకు రెండు నెలలు పట్టింది. కుర్రాడి వేషానికి, నిజం చెప్పాలంటే, ఆ వారం ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళని పెట్టేశాం.

మొదటి ప్రదర్శనలో ఇరవయ్యో నిమిషం దాకా బాగానే నడిచింది. పెద్దాయన పుస్తకం తెరిచి, పేజీ మీద వేలు పెట్టి, "చూడు బాబూ, పద్నాలుగో తారీకు రాత్రి. ఫ్యాను కూడా వెయ్యలేదు. మూడు యూనిట్లు!" అంటాడు. కుర్రాడు ఏమీ అనకుండా వాన వంక చూడాలి. ఆ రోజు ఎందుకో అతనికి జాలేసింది. తలూపి, "అవున్సార్, నిజమే" అన్నాడు. అప్పటిదాకా ముందుకు వంగి చూస్తున్న జనం మెల్లిగా కుర్చీల్లో వెనక్కి జారబడడం నేను పక్కనుంచి చూశాను. ఆ తర్వాత మా పెద్ద నటుడు ఎంత గొంతు చించుకున్నా లాభం లేకపోయింది. ఆయన అడిగింది దొరికేసింది. ఇంకెందుకు అడుగుతున్నాడో ఎవరికీ అర్థం కాలేదు.

ఒక మనిషి ఏదో ఒకదాని మీద పెంచుకున్న పిచ్చిని ఇద్దరే నటులతో రంగస్థలం మీద చూపించాలనుకునే ప్రయోగాలు చాలా వస్తాయి. ఖర్చు తక్కువ, రిహార్సల్‌కి ఇద్దరు కుదిరితే చాలు, సెట్టు అక్కర్లేదు. వాటిలో ఎక్కువ భాగం ఎందుకు చప్పగా తేలిపోతాయో నాకు ఆ రాత్రి అర్థమైంది. మేమందరం పిచ్చి ఉన్నవాడి మీద పనిచేస్తాం. నాటకం మాత్రం ఎదురుగా కూర్చున్నవాడి దగ్గర ఉంటుంది.

అసలు ఈ 'అబ్సెషన్' అన్నదానికి తెలుగులో ఒక్క మాట లేదు, ఉన్నవి చాలా. డబ్బు యావ, సినిమా పిచ్చి, కొడుకు రంది, కొత్త ఫోను మోజు. "దాని ధ్యాసలో పడి తిండి మానేశాడు" అంటాం. నాటకం రాసేవాడు ముందు వీటిలో ఒకటి ఎంచుకోవాలి. ఎందుకంటే యావ ఉన్నవాడు దేని వెంటో పరిగెడతాడు, రంది ఉన్నవాడు కూర్చున్నచోటే కరిగిపోతాడు. ఇద్దరి నడకా ఒకటి కాదు. ఇంగ్లీషు 'అబ్సెషన్'కి లాటిన్‌లో మూలం 'ఎదురుగా కూర్చోవడం', అంటే కోట బయట గుడారాలు వేసుకుని ముట్టడి పెట్టడం. తర్వాత క్రైస్తవ పరిభాషలో దయ్యం మనిషి లోపలికి దూరితే ఒక పేరు, బయటే ఉండి పీడిస్తే ఈ పేరు. మన వాడుకలోనూ అలాంటి తేడా ఒకటి ఉంది: అమ్మవారు పూనుతుంది, దయ్యం పడుతుంది. స్టేజీ మీద పూనకం చూపించడం తేలికే. పట్టుకున్నది కనబడాలంటే మాత్రం, పట్టుబడ్డవాడి బయట ఇంకెవరో ఉండి తీరాలి.

ఒక్కడే ఉంటే ఏకపాత్రాభినయం అవుతుంది. ప్రేక్షకులే ఆ మనిషికి స్నేహితులై, రెండో నిమిషానికే అతని పక్షం చేరిపోతారు. ముగ్గురుంటే మూడోవాడు పెద్దమనిషై పంచాయితీ చెబుతాడు. ఇద్దరే ఉన్నప్పుడు తీర్పు చెప్పేవాళ్ళు ఉండరు, తప్పించుకునే దారీ ఉండదు.

దీన్ని నాకు తెలిసినంతలో అందరికన్నా చిన్న జాగాలో చేసి చూపించినవాడు స్వీడన్ నాటకకర్త ఆగస్ట్ స్ట్రిండ్‌బర్గ్. 1887లో పారిస్‌లో ఆంద్రే ఆంత్వాన్ 'స్వేచ్ఛా రంగస్థలం' పేరుతో ఒక చిన్న నాటకశాల పెట్టాడు. అది చూసి ఉత్సాహం వచ్చి స్ట్రిండ్‌బర్గ్ కోపెన్‌హాగన్‌లో ఒక బృందం కట్టాడు. దాని పేరులోనే ప్రయోగం ఉంది: స్కాండినేవియన్ ప్రయోగ రంగస్థలం. తను రాసిన 'మిస్ జూలీ'తో మొదలుపెడదామనుకుంటే చివరి ఘడియలో సెన్సారు వద్దంది. దాంతో 1889 మార్చి 9న డాగ్మార్ థియేటర్లో వేరే చిన్న నాటకాలు ఆడారు. అందులో ఒకటి 'ది స్ట్రాంగర్'. తెలుగులో 'బలమైనది' అనుకుందాం. ఇద్దరు ఆడవాళ్ళు, పావుగంట చిల్లర. ఒకామె మొత్తం మాట్లాడుతుంది. రెండో ఆమె ఒక్క మాట కూడా అనదు.

క్రిస్మస్ ముందురోజు, ఆడవాళ్ళు వచ్చి కూర్చునే ఒక కేఫ్. రెండో ఆమె (రచయిత పేరు కూడా సరిగా పెట్టలేదు, వై అన్నాడు) సగం తాగిన బీరు సీసా ముందు పెట్టుకుని పత్రిక తిరగేస్తూ ఉంటుంది. ఎక్స్ అనే ఆమె పండగ కొనుగోళ్ళ బుట్ట చేతికి తగిలించుకుని లోపలికొస్తుంది. ఇద్దరూ నటీమణులే. ఎక్స్‌కి పెళ్ళయింది, పిల్లలున్నారు. వైకి నిశ్చితార్థం అయి చెడిపోయింది. ఎక్స్ బుట్టలోంచి కొన్న వస్తువులు ఒక్కొక్కటే తీస్తుంది. కూతురికి బొమ్మ. ఇంకో బిడ్డకి బొమ్మ తుపాకీ. అది వై వైపు గురిపెట్టి పేల్చి, భయపడ్డావా అని నవ్వుతుంది. తర్వాత మొగుడికి కుట్టిన చెప్పుల జత. వాటి మీద ట్యులిప్ పూలు. ట్యులిప్‌లంటే తనకి అసహ్యం, కానీ ఆయనకి అన్నిటి మీదా అవే ఉండాలి. చెప్పుల్లోకి చేతులు దూర్చి, బల్ల మీద నడిపిస్తూ మొగుడి నడకని వెక్కిరిస్తుంది. వై పగలబడి నవ్వుతుంది.

ఇక్కడిదాకా ఇది కబుర్లే. ఆ నవ్వు దగ్గర్నుంచి ఎక్స్ మాట దారి తప్పడం మొదలవుతుంది. నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడు ఆయన ఎందుకంత ముభావంగా ఉండేవాడు? ఆయనకి నువ్వంటే ఎందుకు పడేది కాదు? అడుగుతూ అడుగుతూనే తనకే ఒక్కొక్కటీ తడుతుంటాయి. ట్యులిప్‌లు, ఎందుకంటే వైకి ఇష్టం. ఎండాకాలం సెలవులకి మేలారెన్ సరస్సు, ఎందుకంటే వైకి ఉప్పునీళ్ళ సముద్రం గిట్టదు. కొడుకు పేరు ఎస్కిల్, ఎందుకంటే అది వై వాళ్ళ నాన్న పేరు. తను వేసుకునే రంగులు, చదివే పుస్తకాలు, తినే వంటలు, ఇప్పుడు చేతిలో ఉన్న చాక్లెట్ పానీయం కూడా.

ఎక్స్‌కి ఈ చివర్లో తెలిసిన కొత్త విషయం ఒక్కటి కూడా లేదు. ట్యులిప్‌లు కుట్టింది తనే. సరస్సుకి ఏటేటా వెళ్ళింది తనే. కొడుకుని ఆ పేరుతో ఇన్నేళ్ళూ పిలిచింది తనే. కొత్తగా వచ్చింది వరస మాత్రమే. విడివిడిగా పడి ఉన్న వస్తువులు ఒక దండలోకి వచ్చేశాయి. ఆ తర్వాత దాన్ని విప్పడం ఎవరి తరమూ కాదు. పిచ్చి ఎలా పుడుతుందో ఇంత శుభ్రంగా చూపించిన నాటకం నేను ఇంకోటి చూడలేదు. కొత్త సమాచారం అక్కర్లేదు, పాత సమాచారానికి ఒక దారం దొరికితే చాలు.

ఇంకో కిటుకు ఆ వస్తువుల క్రమంలో ఉంది. బుట్టలోవి, బల్ల మీదవి, కాళ్ళకి తొడిగేవి, ఊరు, బిడ్డ పేరు, చివరికి నోట్లోకి పోయే పానీయం. ఒక్కో అడుగుకీ విషయం ఒంటికి దగ్గరవుతూ వస్తుంది. పిచ్చికి కథ ఉండదు. అది గానుగెద్దు, తిరిగినచోటే తిరుగుతుంది. అందుకే కొత్తగా రాసేవాళ్ళు ఒకే బాధని ఆరుసార్లు, ప్రతిసారీ గొంతు కాస్త పెంచి చెప్పిస్తారు. స్ట్రిండ్‌బర్గ్ గొంతు పెంచలేదు. ప్రతి చుట్టుకీ వెల పెంచాడు.

ఇక వై సంగతి. ఆమె పేరుకే మౌనం. తలెత్తి చూడడం, తలూపడం, నవ్వడం, నోరు తెరవబోవడం, ఇలా ఆమె చేయాల్సినవి నాటకంలో అక్కడక్కడ రాసే ఉన్నాయి. ఆమె మాట్లాడబోయినప్పుడు ఎక్స్ అడ్డం పడుతుంది: నువ్వేం చెప్పక్కర్లేదు, నాకిప్పుడు అన్నీ అర్థమవుతున్నాయి అంటుంది. వై కాదంటే ఎక్స్ వాదిస్తుంది, అవునంటే ఏడుస్తుంది. ఏమీ అనకపోవడం వల్లే ఎక్స్ తన సొంత చేతులతో తవ్వుకుంటూ పోవాల్సి వస్తుంది. ఒకచోట ఎక్స్ ఆమెని ఎలుక కలుగు ముందు కాపు కాసిన పిల్లితో పోలుస్తుంది. వెంటపడి పట్టుకోలేదు, లాగలేదు, కానీ ఎంతసేపైనా కూర్చోగలదు. ఆ పావుగంట 'ఎంతసేపైనా కూర్చోగలగడం' నటించాలి వై. మా ఊళ్ళో ఈ మధ్య ఒక యువబృందం ఈ నాటకాన్ని తెలుగు చేసి చదివించుకుంటుంటే వెళ్ళాను. ఎక్స్ డైలాగులు కంఠతా వచ్చిన అమ్మాయి వారంలో దొరికింది. వై వేషానికి మాత్రం ముగ్గురు మారారు. ముగ్గురూ బాగానే కూర్చున్నారు, విన్నట్టు కూడా నటించారు. వినడం మాత్రం ఎవరికీ చేతకాలేదు.

ఆ మొదటి రాత్రి ఎక్స్ వేషం కట్టింది స్ట్రిండ్‌బర్గ్ భార్య సిరి ఫాన్ ఎసెన్. ఆయనకి ఆమె మీద ఉన్న అనుమానపు యావ జగద్విదితం. వాళ్ళ సంసారం అప్పటికే బీటలు వారింది, 1891లో విడిపోయారు. అనుమానంతో రగిలే భార్య డైలాగులు రాసింది అనుమానంతో రగిలే భర్త, చెప్పాల్సింది అనుమానానికి గురైన భార్య. అలాంటి ఆయన ఆమెకి ఇచ్చిన సూచన ఒకటి నాకు ఎంతో ఇష్టం: దీన్ని బలమైనదానిలా ఆడు, బలమైనది అంటే మెత్తనిది, బిర్రబిగిసినది విరిగిపోతుంది, వంగేది మళ్ళీ లేస్తుంది. అంటే పేరులోని 'బలమైనది' ఎవరన్న ప్రశ్నకి రచయిత దగ్గర ఒక జవాబు ఉంది. దాన్ని మనం ఒప్పుకోవాలని లేదు. ఎక్స్ చివర్లో చెప్పులు తీసుకుని, నా మొగుడికి ప్రేమించడం నేర్పినందుకు థాంక్స్ అని చెప్పి, ఇంటికెళ్ళి ఆయన్ని ప్రేమిస్తానంటూ వెళ్ళిపోతుంది. నాకైతే అది గెలుపులా కనబడదు. ట్యులిప్‌లు ఇంకా ఆ చెప్పుల మీదే ఉన్నాయి కదా.

ఎదుటి మనిషి మౌనంగానే ఉండాలని నియమమేమీ లేదు. మన భామాకలాపంలో మాధవి ఒక్క క్షణం నోరు మూసుకోదు. సిద్ధేంద్రయోగి కూర్చినదని కూచిపూడివాళ్ళు తరతరాలుగా చెప్పుకునే ఈ కలాపంలో ముఖ్యమైన పాత్రలు రెండే: కృష్ణుడి ధ్యాసలో, తన అందం మీద తనకున్న గర్వంలో నిలువునా మునిగిన సత్యభామ, ఆమెతో మాట కలిపే మాధవి. చాలాసార్లు సూత్రధారుడే మాధవి అవుతాడు. భామ విరహంతో కాగిపోతుంటే మాధవి ఓదార్చదు. ఏమీ తెలియనట్టు, ఇంతకీ నీ మొగుడి పేరేమిటమ్మా అంటుంది. పెళ్ళాం మొగుడి పేరు నోట పలకకూడదు. ప్రపంచంలో భామకి అందరికన్నా ఇష్టమైన ఆ ఒక్క పేరే భామ చెప్పలేని పేరు. సైగలతో, సిగ్గుతో, చుట్టూ తిరిగి చెప్పడానికి ఆమె పడే పాట్లు చూసి జనం పడీపడీ నవ్వుతారు. తర్వాత లేఖ తీసుకెళ్ళడానికి మాధవి కూలి అడుగుతుంది. ఏదో ఒక నగ కాదు, ముక్కెర. ముత్తైదువ తీయకూడని నగ. అదే మళ్ళీ వెల పెంచడం! స్త్రీ వేషాలకి పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామ గురించి తెలుగువాళ్ళు ఎన్ని పుటలు రాశారో లెక్కలేదు, రాయాల్సిందే. ఆయన ఎదురుగా మాధవి కట్టినవాళ్ళ పేర్లు మాత్రం నాతో సహా ఎంతమందికి గుర్తున్నాయి?

మూడో రకం శ్రోత ఒకడున్నాడు, అంటుకునేవాడు. అమెరికన్ నాటకకర్త ఎడ్వర్డ్ ఆల్బీ 1958లో రాసిన 'ది జూ స్టోరీ'లో న్యూయార్క్ సెంట్రల్ పార్కు బెంచీ మీద పీటర్ అనే సంసారపక్షం మనిషి పుస్తకం చదువుకుంటుంటాడు. జెర్రీ వచ్చి నిలబడి మాట్లాడతాడు, మాట్లాడుతూనే ఉంటాడు. తన అద్దె ఇంటి ఓనరు కుక్కతో స్నేహం చెయ్యడానికి మాంసం పెట్టి, కుదరక విషం పెట్టి, అదీ ఫలించక చివరికి ఇద్దరూ ఒకరినొకరు పట్టించుకోకుండా రాజీపడ్డ వైనం పెద్ద ఏకరువు. ఆ తర్వాత జెర్రీ బెంచీ మీద జరగమంటాడు. ఇంకొంచెం జరుగు. ఇంకొంచెం. ఇల్లూ వాకిలీ ఉన్న పీటర్ కాసేపటికి ఆ చెక్క బెంచీ నాదంటూ ప్రాణం పోయేలా కొట్లాడుతుంటాడు. జెర్రీకి ఉన్నది అతనికి అంటుకుంది. 1877లో ఇద్దరు ఫ్రెంచి వైద్యులు, లాసేగ్, ఫాల్రే, ఇలాంటిదాన్నే 'ఇద్దరి పిచ్చి' అన్న పేరుతో వర్ణించారు: ఒకే కప్పు కింద బతికే ఇద్దరిలో బలమైనవాడి భ్రమ రెండోవాడికి సోకుతుంది, ఇద్దర్నీ విడదీయడం వైద్యంలో మొదటి మెట్టు. నాటకంలో ఆ వైద్యం కుదరదు. తెర పడేదాకా విడదీసేవాళ్ళు లేరు.

ఆల్బీకే ఆ పీటర్ మీద అసంతృప్తి ఉండిపోయింది. వాడు సగం మనిషిగా మిగిలిపోయాడని అనిపించి, దాదాపు యాభై ఏళ్ళ తర్వాత పీటర్ ఇంట్లో జరిగే 'హోమ్‌లైఫ్' అన్న భాగం రాశాడు. అది 2004లో ప్రదర్శనకి వచ్చింది. కొత్తగా రాసేవాళ్ళకి నేను ఈ సంగతి తప్పకుండా చెబుతుంటాను. వినేవాడి బాకీ అంతకాలం వెంటాడింది ఆయన్ని.

శ్రోతని దాదాపు మాయం చేసినవాడు ఐర్లండ్ నాటకకర్త శామ్యూల్ బెకెట్. 1972లో న్యూయార్క్‌లో మొదట ఆడిన 'నాట్ ఐ' (నేను కాదు)లో చీకట్లో, ఎత్తులో, ఒక స్త్రీ నోరు మాత్రమే వెలుగులో కనబడుతుంది. ఆపకుండా తెగిపోయిన మాటలు దూకుతుంటాయి. ఒక జీవితం కథే చెబుతుంది, కానీ ఆ జీవితం తనదని ఒప్పుకోదు. అదే ఆమె పట్టు. పక్కన నీడలో ఒళ్ళంతా కప్పుకున్న ఒక ఆకారం నిలబడి ఉంటుంది. ఆమె ఒప్పుకోని ప్రతిసారీ ఆ ఆకారం చేతులు కాస్త పైకి లేచి వాలిపోతాయి, నిస్సహాయంగా. ప్రదర్శనలో ఆ ఆకారాన్ని నిలపడం కష్టమని, లేకుండానే ఆడినవాళ్ళు తర్వాత చాలామంది. బెకెట్ కూడా కొన్నిసార్లు వదిలేశాడు. నాకైతే అది ఉండాలనిపిస్తుంది. లేకపోతే అది ఒక అద్భుతమైన నోరు, అంతే. చేతులు లేచినప్పుడే తెలుస్తుంది, అక్కడ ఎవరో వింటున్నారని, ఏమీ చెయ్యలేకపోతున్నారని.

ఆ నాటకం నటికి పెట్టే హింస కూడా చెప్పుకోవాలి. నోరు వెలుగు చుక్కలోంచి తప్పిపోకూడదు కాబట్టి తల కదలకుండా బిగించేస్తారు. 1973లో లండన్‌లో ఆడిన బిల్లీ వైట్‌లా అనే నటి రిహార్సల్లో దిక్కూ తీరూ తెలియక కుప్పకూలిపోయింది. చూపు లేక, కదలిక లేక, తన గొంతు ఒక్కటే వింటూ గాల్లో దొర్లిపోతున్నట్టు అనిపించిందట. పిచ్చిని నటించడం ఒంటికి పడుతుంది. ఇద్దరే ఉన్న నాటకంలో ఇంకా ఎక్కువ, ఎందుకంటే స్టేజీ దిగి ఊపిరి పీల్చుకునే సందు ఉండదు. పాతకాలం నాటకాలవాళ్ళకి రంగు కడుక్కోవడమే పెద్ద రక్ష. అరగంట కొబ్బరినూనె రాసి తుడుచుకునేసరికి రావణుడు కాస్తా సుబ్బారావు అయ్యేవాడు. మేకప్ లేని మన చిన్న నాటకాల్లో ఆ అరగంట పోయింది. మేం రిహార్సల్ అయ్యాక ఇద్దరూ ఒకరి పేరు ఒకరు పెట్టి పిలుచుకుని, టీ తాగాకే ఇంటికి పోవాలని పెట్టుకున్నాం. వినడానికి చాదస్తంగా ఉంటుంది. ఒకరోజు మానేస్తే పెద్దాయన రాత్రి ఇంట్లో మీటరు చూడబోయారని వాళ్ళావిడ ఫోన్ చేసింది.

హాలు సంగతికొస్తే, ఇలాంటివి పెద్ద హాల్లో చచ్చిపోతాయి. స్ట్రిండ్‌బర్గ్ 1907లో స్టాక్‌హోమ్‌లో సొంతంగా పెట్టించుకున్న 'ఇంటిమా టియాటర్న్'లో సీట్లు 161. మన నాటక పరిషత్తు పోటీల్లో పైనుంచి వేలాడదీసిన మైకుల కింద ఆడడం అలవాటైన నటులకి ముందు గొంతు తగ్గించడం నేర్పాలి. ఆ మైకు గుసగుసనీ కేకనీ ఒకే మందంగా మార్చేస్తుంది, మౌనాన్ని అసలు పట్టుకోదు. హైదరాబాదులో బంజారాహిల్స్ లామకాన్ లాంటి జాగాలు 2010 తర్వాత ఈ రకం నాటకానికి ఊపిరి పోశాయి. అక్కడ ముందు వరసవాళ్ళకి నటుడి గుటక వినబడుతుంది. మేం జనాన్ని రెండు వైపులా ఎదురెదురుగా కూర్చోబెట్టి మధ్యలో ఆడాం. అలా కూర్చుంటే ఎప్పుడూ ఒక నటుడి వీపే కనిపిస్తుంది కాబట్టి, ప్రేక్షకుడు ఎవర్ని చూడాలో తనే తేల్చుకోవాలి. మాట్లాడేవాడిని వదిలి కుర్రాణ్ణి చూసే తలలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే ఆ రోజు నాటకం ఎలా నడుస్తోందో తెలిసిపోయేది. నేపథ్య సంగీతం మాత్రం వద్దు. వయొలిన్ మూలుగు మొదలవగానే 'ఇతనికి పిచ్చి' అని చీటీ అంటించినట్టే.

ఆ మొదటి ప్రదర్శన బోర్లా పడ్డాక మేం రెండు వారాలు ఒకే పని చేశాం. వేషాలు మార్చి ఆడించాం. పెద్దాయన కుర్రాడై వరండా అంచున నిలబడితే, కుర్రాడు పుస్తకం పట్టుకుని పద్నాలుగో తారీకు గురించి చెప్పాలి. పెద్దాయనకి ముప్పై ఏళ్ళ స్టేజీ అనుభవం ఉంది. ఆయన 'వినడం' మొదలుపెట్టగానే గదిలో గాలి మారింది. ఆయన చేసింది పెద్దగా ఏమీ లేదు. ఇంకా నలభై ఇళ్ళు తిరగాల్సిన మనిషి ఒంట్లో ఏముంటుందో అదే ఉంచుకున్నాడు. బిల్లు మిషను తడవకుండా చొక్కా కిందికి దోపాడు. ఒకసారి వానలోకి చెయ్యి చాపి తీసేశాడు. 'మూడు యూనిట్లు' అన్నప్పుడు మాత్రం ఒక్క క్షణం పుస్తకం వంక చూశాడు, నిజంగానే లెక్క చూసినట్టు, వెంటనే కళ్ళు తిప్పేశాడు. ఆ ఒక్క క్షణం చూపు మా కుర్రాడు నేర్చుకున్నాడు. ఆశ పుట్టాలి, తీరకూడదు. అంతకు మించి నేను చెప్పగలిగిన సూత్రం లేదు.

అదే సమయంలో పెద్దాయన పాత్రలోంచి వణుకుడు, కళ్ళు పెద్దవి చెయ్యడం అన్నీ తీసేసి చేతికి ఒక పని ఇచ్చాం. కొత్త నోటుపుస్తకంలో పేజీ పేజీకి స్కేలు పెట్టి మార్జిన్ గీయడం. మాట్లాడుతూ గీస్తుంటాడు. గీత వంకరపోతే మాట ఆగుతుంది, అంతే. స్కేలు జారుతుందేమోనని జనం ఊపిరి బిగబట్టడం నేను చూశాను. పిచ్చి ఉన్నవాళ్ళు బయటికి ఎంత శ్రద్ధగా, ఎంత మర్యాదగా ఉంటారో మన ఇళ్ళల్లో అందరం చూసినవాళ్ళమే. స్టేజీ ఎక్కగానే ఎందుకు మరిచిపోతామో!

వాన శబ్దానికి మొదట ఫోన్లో రికార్డింగు పెట్టాం, సోడాలా వినిపించింది. తర్వాత ఒకమ్మాయి తెర వెనక చేటలో కందులు పోసుకుని అటూ ఇటూ ఒంచుతూ కూర్చుంది. వాన తగ్గితే కుర్రాడు వెళ్ళిపోతాడు కాబట్టి నాటకం గడియారం ఆ అమ్మాయి చేతిలో ఉంది. ఆమె ఒక చెవి పెద్దాయన మీద, ఒక కన్ను కుర్రాడి మీద ఉంచి, కందులు ఎప్పుడు సన్నగా జారాలో తనే తేల్చేది. పదో ప్రదర్శనకి ఆమే మా దర్శకురాలు అనొచ్చు.

చివర మాకు చాలాకాలం తెగలేదు. వాన ఆగుతుంది. కుర్రాడు బిల్లు చీటీ చింపి బల్ల మీద పెట్టి వెళ్ళిపోతాడు. పెద్దాయన చీటీలో అంకె, పుస్తకంలో అంకె పోల్చుకుంటాడు. రెండూ ఒకటే. పదకొండేళ్ళ ఫిర్యాదుకి ఆధారం లేదు. అప్పుడేం చెయ్యాలి? పుస్తకం చింపించి చూశాం, సినిమాలా ఉంది. నవ్వించి చూశాం, బాగానే ఉందిగానీ నమ్మబుద్ధి కాలేదు. ఆఖరికి ఆయన చీటీని మడిచి పుస్తకంలో పెట్టుకుని, కొత్త పేజీ తిప్పి, స్కేలు పెట్టి మార్జిన్ గీయడం మొదలుపెట్టేట్టు ఉంచాం. లైటు మెల్లిగా ఆరిపోతుంది, గీత గీస్తున్న చప్పుడు చీకట్లో ఇంకో నాలుగు క్షణాలు వినిపిస్తుంది.

ఆ నాలుగు క్షణాలూ వింగ్‌లో నిలబడ్డ కుర్రాడు కదలకూడదని పెద్దాయన పట్టుబట్టారు. ఎవరికీ కనబడడు కదండీ, గ్రీన్‌రూమ్‌కి వెళ్ళి చెప్పులు విప్పుకుంటే ఏం అన్నాం. "వాడు వెళ్ళిపోతే నాకు తెలిసిపోతుంది. గీత వంకరపోతుంది" అన్నారాయన.